తల్లిని కూర్చోబెట్టి వేసిన కూతురి బొమ్మ

బొమ్మ వేయించుకునేవాళ్ళు వచ్చి కూర్చోవడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు ఫోనుకి ఫోటో పంపుతారు. "దీన్ని చూసి వేసెయ్యండి మేడమ్. రంగు కొంచెం తెల్లగా రావాలి, బుగ్గ మీద ఆ మచ్చ వద్దు" అంటారు. మచ్చ తీసేస్తే ఆయన ఇంకొకాయన అయిపోతాడండీ అంటే ఫోను పెట్టేస్తారు. నా నోరు మంచిది కాదని మా ఆయన అంటాడు. కాదేమో. కానీ ఎదుటివాళ్ళ ముక్కూ మొహం ఉన్నదున్నట్టు చూసే పనిలో ఉన్నవాళ్ళకి నోరు మంచిదై ఉండడం నేనెక్కడా చూడలేదు.

మేముండేది తెలంగాణ సరిహద్దుకి అవతల బచేలిలో, కొండ కింద కంపెనీ క్వార్టర్లో. మా ఆయన ఇనపరాయి గనిలో మెకానిక్. పెళ్ళై విజయనగరం నుంచి వచ్చేటప్పుడు నా పెట్టెలో చీరల కంటే రంగు ట్యూబులు ఎక్కువున్నాయని మా అత్తగారు వీధంతా చెప్పుకుంది. విశాఖపట్నంలో చిత్రకళ చదువుకున్నాను. అక్కడ మా మాస్టారికి ఒకటే పట్టుదల ఉండేది. మనిషి ఎదురుగా కూర్చుంటేనే మొహం వెయ్యాలి, లేదంటే కుంచెలు కడుక్కుని ఇంటికి పోవాలి. ఫోటో చూసి వేసినవాణ్ణి తరగతిలోంచి లేపేసేవారు. అప్పట్లో అదంతా ఆయన ఛాదస్తం అనుకున్నాను. ఇక్కడికి వచ్చాక అది నా ఛాదస్తం అయింది.

ఒకప్పుడు గనిలో రిటైరయ్యేవాళ్ళకి తోటివాళ్ళు ఆయిల్ పెయింటింగ్ వేయించి ఇచ్చేవారు. ఆ పెద్దమనిషి ఆదివారాలు వచ్చి మా వెనక వరండాలో కూర్చునేవాడు. జీవితమంతా డంపర్ నడిపినవాడికి ఊరికే కూర్చోవడం చేతకాదు. మొదట బిగుసుకుపోయేవాడు, తర్వాత కబుర్లు చెప్పేవాడు, ఆ తర్వాత కునుకు తీసేవాడు. కునుకులో మొహం సడలినప్పుడు అసలు మనిషి బయటికి వచ్చేవాడు. భార్య పోయిన సంగతి, కొడుకు మాట్లాడని సంగతి వాళ్ళు నాకు చెప్పక్కర్లేకపోయేది. ఈ ఊరి గాలిలో ఎప్పుడూ ఎర్రదుమ్ము ఉంటుంది. తడి రంగు మీద వాలితే ఇక లేవదు. ఎంత జాగ్రత్తపడ్డా నా బొమ్మలన్నిటి లోపలా కాస్త ఇనపరాయి ఉండే ఉంటుంది.

తర్వాత కంప్యూటర్ వచ్చింది. బజారులో స్టూడియో పెట్టిన కుర్రాడు ఫోటో లోపల పెట్టి ఏదో నొక్కితే అది ఆయిల్ పెయింటింగ్ అయిపోతుంది. కుంచె గీతలు కూడా పడతాయి. గుడ్డ మీద ప్రింటు తీసి, ఫ్రేము కట్టి సాయంత్రానికి చేతిలో పెడతాడు. వేలు పెట్టి రాస్తే నున్నగా ఉంటుంది, గీత ఎక్కడా తగలదు. కానీ గోడ మీది బొమ్మని వేలు పెట్టి రాసి చూసేదెవరు? నాకు అసూయ లేదని చెప్పను. కడుపు మండిపోయేది.

ఊరుకోలేక నేనూ ఒక ట్యాబ్ కొనిపించుకున్నాను. దాని మీద వేయడం నేర్చుకున్నాను కూడా. చెడ్డదేమీ కాదది. టర్పెంటైన్ వాసన లేదు, దుమ్ము లేదు, తప్పు గీత పడితే ఒక్క నొక్కుతో వెనక్కి పోవచ్చు. అయినా పన్ను పీకించుకుని వచ్చాక బుగ్గ ముట్టుకున్నట్టు ఉండేది నాకు. తాకుతున్నానని తెలుస్తుంది, తగలదు. నిజానికి ట్యాబ్ పట్టుకునైనా మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోవచ్చు. ఎవరూ కూర్చోరు, అంతే. జేబులో ఫోటోలు ఉన్నవాడికి ఇంకొకరి ముందు కదలకుండా కూర్చోవాల్సిన ఖర్మ ఏమిటి? నా గొడవ యంత్రంతో కాదు, ఖాళీగా ఉన్న ఆ కుర్చీతో.

మొన్నటి ఎండాకాలం ఆ కుర్చీలో ఒక మనిషి కూర్చుంది.

మా ఇంట్లో గిన్నెలు తోమి, ఇల్లు తుడిచే ఆమెది బాసగూడ అవతల ఒక పల్లె. ఇంట్లో తమ దోర్లి భాష మాట్లాడతారు, నాతో తెలుగు, బజారులో హిందీ. ఒక రోజు పని మధ్యలో చీపురు వదిలేసి గోడకి ఆనుకుని కూలబడింది. వాళ్ళ అక్క కూతురు పోయిందట. ఏటా చలికాలం చివర ఆ పల్లెల్లోని ఆడపిల్లలు గుంపులుగా సరిహద్దు దాటి తెలంగాణ వైపు మిరపకాయ ఏరడానికి వెళ్తారు. పని అయిపోయి బస్సు ఎక్కడానికి వస్తుంటే వీళ్ళని ఎక్కించుకున్న ట్రాక్టర్ ట్రాలీ బోల్తాపడింది. మిగిలినవాళ్ళకి దెబ్బలు తగిలాయి. ఈ పిల్ల ఒక్కతే పోయింది. తల్లికి ఆ ఒక్కతే సంతానం.

వాళ్ళ వైపు పోయినవాళ్ళకి రాయి నిలబెడతారు. మా పక్క జిల్లా బీజాపూర్ నుంచి జీపులో వెళ్తుంటే దారి పక్కన కనిపిస్తూనే ఉంటాయి. ఇదివరకు ఉత్త రాయి. తర్వాత దానికి రంగు వేసి, పోయిన మనిషి బొమ్మ, అతనికి ఇష్టమైన సైకిలో కోడిపుంజో గీయించడం మొదలుపెట్టారు. ఇప్పుడైతే ఫోటోని టైలు మీద అచ్చు వేయించి సిమెంటుతో రాయికి అతికిస్తున్నారు. మొహం లేని రాయి పెడితే పేదవాళ్ళని అనరు గానీ, పోయిన మనిషిని పట్టించుకోలేదంటారు. వానలు పడేలోగా ఈ పిల్లకి రాయి నిలబెట్టాలి, చుట్టాలందరూ వస్తారు. తీరా చూస్తే పిల్ల మొహం ఎక్కడా లేదు.

ఈ రోజుల్లో ఫోటో లేని ఆడపిల్ల ఉంటుందా అని నేనూ అన్నాను. ఫోటోలు చాలానే దిగింది, తన ఫోనులోనే. ఆ ఫోను ట్రాలీ కింద నుగ్గునుగ్గయింది. తోటి పిల్లల ఫోనుల్లో మిరప చేనులో తీసుకున్నవి ఉన్నాయి. ఆ ఘాటుకి అందరూ మొహానికి గుడ్డ చుట్టుకుంటారు. ఏ ఫోటోలో చూసినా ఎండకి చికిలించిన కళ్ళు దూరం నుంచి రెండు గీతల్లా ఉన్నాయి. పెద్దది చేస్తే గళ్ళు గళ్ళుగా విడిపోతున్నాయి. ఆధార్ కార్డు మీద ఉన్నది హాస్టల్లో చేరేటప్పటి చిన్నపిల్ల. ఇక మిగిలింది ఒకటే. పోయాక, ఆస్పత్రిలో గుర్తుపట్టడం కోసం కూలీల మేస్త్రీ తన ఫోనులో తీసినది.

మా పనామె అక్కని వెంటపెట్టుకుని వచ్చింది. స్టూడియోకి తోడు రమ్మని నన్ను అడిగింది. కాదనలేకపోయాను.

ఆ కుర్రాడి మీద నాకెంత మంటున్నా ఒక మాట చెప్పాలి. ఫోటో తెరవగానే వాడు తెరని తల్లికి కనిపించకుండా పక్కకి తిప్పేశాడు.

"ఆంటీ, ఆవిడని ఆ బెంచీ మీద కూర్చోమనండి. ఇది చూడొద్దు" అన్నాడు నాతో, గొంతు తగ్గించి. "చెహ్రా ఒక సైడు ఖరాబైంది. మంచి సైడుని తీసి ఇటు తిప్పి పెడతా. కళ్ళు మూసుకుని ఉన్నాయి, అవి నేను తయారు చేసేస్తా. టెన్షన్ వద్దు."

నేను ఆ ఫోటో ఒక్కసారే చూసి తల తిప్పుకున్నాను. చాలాసేపటికి వాడు మమ్మల్ని పిలిచాడు. తెర మీద ఒక అమ్మాయి నీలం గోడ ముందు నిలబడి మమ్మల్నే చూస్తోంది. చామనఛాయ కంటే రెండు పాళ్ళు తెలుపు. కళ్ళు పెద్దవి, తడిగా మెరుస్తున్నాయి.

తల్లి దగ్గరికి వెళ్ళి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఈ కండ్లు ఎవలయి బాబూ?"

"ఎవరివీ కాదమ్మా. కంప్యూటరే చేసింది."

"ఎవలయీ కానియి నా బిడ్డకెందుకు?"

వాడు ఇంకో జత పెట్టాడు. అవి నచ్చకపోతే ఇంకో జత. గాజుల కొట్టులో చేతికి జతలు మార్చి చూపించినట్టు మార్చి చూపించాడు. ప్రతిసారీ ఆ మొహం ఇంకొకరి పిల్లలా తయారై మావైపు చూసేది. చివరికి ఆవిడ ఇక చాలన్నట్టు చెయ్యి ఊపి బయటికి వచ్చేసింది. వాడు పాపం నొచ్చుకుని, బాగున్నది ఏదో ఒకటి ఫోనులో ఉంచుకోమని మా పనామెకి పంపాడు.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆవిడ నడుస్తూ నడుస్తూ ఆగి నావైపు తిరిగింది.

"నువ్వు మనుషులను ఎదురుంగ కూసోబెట్టి ఏస్తవంట గద అమ్మా. నన్ను కూసోబెట్టి నా బిడ్డను ఎయ్యి."

అలా కుదరదని చెప్పాను. నేను చూస్తున్నదే వేస్తాను గానీ చూడని మనిషిని వేయలేనన్నాను.

"ఇద్దరిదీ ఒక్క మొఖమే అని ఊరంత అంటరు. నన్ను చూడు. ఎక్కడ తేడా ఉన్నదో నేను చెప్తా. నా బిడ్డ నాకు కండ్లు మూస్తే చాలు అగుపడ్తది, నీకన్న మంచిగ అగుపడ్తది. నువ్వు చెయ్యి మాత్రం ఆడియ్యి."

నేను ఒప్పుకున్నాను. బొమ్మ అయ్యాక దాన్ని ఫోటో తీసి టైలు మీద అచ్చు వేయించుకోవచ్చు. ఆవిడ మీద జాలి ఎంతో, ఆ తెర మీది బొమ్మని ఓడించాలన్న పంతం అంతే ఉంది నాలో.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"లేని మనిషిని ఎలాగేస్తావే?"

"తల్లి ఉందిగా."

"తల్లి తల్లే గానీ పిల్లెలాగౌద్ది? సెప్తే ఇనవు. కొరివితో తల గోక్కుంటానంటే నేనేటి సేసేది" అని మళ్ళీ అన్నంలో పడ్డాడు.

మర్నాటి నుంచి ఆవిడ చెల్లెలితో పాటు ఉదయాన్నే వచ్చేది. వెనక వరండాలో వెలుతురు ఉత్తరం నుంచి వస్తుంది, ఎండ పడదు. కుర్చీ తుడిచి వేశాను. చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం ఆవిడకి రాలేదు. చేట నిండా చింతపండు ఇస్తే గింజలు తీస్తూ కూర్చుంది. ఒకసారి చేతులకి పని దొరికాక మొహం దానంతట అదే నిలబడింది.

మొదటి రోజు ఏమీ అడగలేదు. ఆవిడని ఆవిడగానే వేశాను. వెడల్పు నుదురు, ఎత్తైన చెంప ఎముకలు, కణతల దగ్గరా గడ్డం మీదా పచ్చబొట్టు చుక్కలు. కళ్ళ కింద నల్లగా లోతుగా గుంటలు. ఏడ్చి ఏడ్చి మొహం ఇంక ఏడుపుకి కూడా పనికిరాకుండా అయినట్టుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఎదురుగా మనిషి ఉంటే నా చెయ్యి తనంతట తాను నడిచింది. సాయంత్రం చూసుకుంటే ఈ మధ్య కాలంలో నేను వేసిన వాటిలో అదే మంచిది. ఆవిడ వచ్చి నా వెనక నిలబడి చూసింది.

"ఇది నేను" అంది. "నా బిడ్డ ఏది?"

రెండో రోజు ఆ మంచి బొమ్మని పాడుచేయడం మొదలుపెట్టాను. పచ్చబొట్లు తీసేశాను, హాస్టల్లో చదివిన పిల్ల పొడిపించుకోలేదు. కళ్ళ కింద గుంటలు పూడ్చాను. నుదుటి గీతలు చెరిపాను. ముప్ఫై ఏళ్ళ కష్టం ఒక పూటలో గీకి పారేస్తే లోపల ఎవరో వయసు పిల్ల మిగిలింది. ఎవరో తెలియదు. ఇక అక్కడి నుంచి అడిగి తెలుసుకోవాలి.

"కనుబొమలు నీలాగేనా?"

"జరమొచ్చిందనుకో, ఈ ఒక్క కనుబొమ్మ మీదికి లేపి పండుకునేది. నిద్రల గూడ మనమీద అనుమానమే దానికి" అని చింతగింజ చేటలో పడేసి నవ్వింది. ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే.

"ముక్కు?"

"చిన్నప్పుడు ఈత చెట్టు ఎక్కి పడ్డది. రకతం ఆగలే. నేను ఎత్తుకొని ఉరికిన. దవాఖాన కాడికి పోయినంక జూస్తే నాకే చెప్పు లేదు కాలికి."

అడిగింది ఏదైనా ఇలాగే చెప్పేది. పిల్ల ఉరుకుతూ, అలుగుతూ, జడ విప్పుకుంటూ మా వరండా నిండా తిరిగేది. వినడానికి బాగానే ఉండేది గానీ కుంచెకి అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు. నాకు కావాల్సింది వంపు. ఎక్కడ లేచింది, ఎక్కడ తిరిగింది. అందుకని ఆవిడని దారిలో పెట్టాను.

"అలా కాదమ్మా. కథ వద్దు, ఆకారం చెప్పు. ముక్కు కొస ఇలా ఉండేదా, లేక ఇలాగా?" అని కాగితం మీద రెండు గీసి చూపించేదాన్ని.

ఆవిడ కళ్ళు మూసుకునేది. వేలితో తన ముక్కు మీదే గీసుకుని చూసుకునేది. "గిట్ల" అని ఒకటి చూపించేది. నేను వేసేదాన్ని. మళ్ళీ పెదాలు, ఇలాగా, ఇలాగా? చెంపలు, ఇంకొంచెం నిండుగానా, తగ్గించనా? చెవులు, మెడ, జుట్టు మొదలు. రోజూ అదే పని. పంతం పట్టానంటే నాకు అన్నం నీళ్ళు గుర్తుండవు, ఎదుటివాళ్ళకి ఉంటాయేమోనన్నది కూడా గుర్తుండదు. ఎండ ముదిరేకొద్దీ నూనె రంగు బిగిసే లోపల మార్చేసుకోవాలని నా తొందర. వానలు వచ్చే లోపల రాయి నిలబెట్టాలని వాళ్ళ తొందర.

తర్వాత తర్వాత ఆవిడ జవాబులు చురుగ్గా వచ్చాయి. అడగ్గానే చెప్పేది. కళ్ళు మూసుకోవడం మానేసింది. వేలు తన మొహం మీదికి పోకుండా బొమ్మ వైపు వచ్చేది. ముందు కాన్వాసు చూసేది, చూసి, "ఆ గడ్డం జరంత తగ్గియ్యి" అనేది. తగ్గిస్తే, "ఆ, గట్లనే ఉంటది" అనేది. కథలు కూడా ఆగిపోయాయి. నాకు సంబరంగా ఉండేది. పోలిక వస్తోంది కాబట్టే కథలు అక్కర్లేకుండా పోయాయి అనుకున్నాను. రిటైరైన పెద్దమనుషులు కూడా బొమ్మ పూర్తవుతున్నప్పుడు ఇలాగే నిమ్మళించేవారు.

మా పనామె మాత్రం అన్నాళ్ళూ ఆ బొమ్మ చూడలేదు. వరండా ఊడ్చేటప్పుడు తల దించుకుని ఊడ్చేది. అయ్యాక చూస్తానంది, నడుమ చూస్తే తట్టుకోలేనంది.

అయింది. చివరి రోజు కళ్ళలో వెలుగు చుక్కలు పెట్టి కుంచె దించాను. ఒక పద్ధెనిమిదేళ్ళ పిల్ల, బొగ్గు రంగు జుట్టు వెనక్కి దువ్వుకుని, ఇప్పుడే ఎవరో పిలిస్తే తల తిప్పినట్టు ఉంది. బతికే ఉంది. ఆ మాటలో అబద్ధం లేదు, నాకు పని తెలుసు. తల్లి చేట పక్కన పెట్టి లేచి వచ్చి దాని ముందు నేల మీద కూర్చుంది. దోర్లిలో దానితో ఏదో మాట్లాడింది, తిట్టినట్టుంది, బతిమాలినట్టుంది. ఏడ్చింది. నాకూ ఏడుపు వచ్చింది. దాంతో పాటు, సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ స్టూడియో కుర్రాణ్ణి ఒకసారి పిలిచి ఇక్కడ నిలబెట్టాలని కూడా అనిపించింది.

"రాయే, చూడు" అని చెల్లెల్ని పిలిచింది.

ఆమె తడి చేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చింది. చూసింది. ఏడుస్తుందేమోనని నేను కుర్చీ ముందుకి జరిపాను. ఆమె ఏడవలేదు. అక్కవైపు చూసి, నావైపు చూసి, మళ్ళీ బొమ్మ చూసింది.

"ఎవలక్కా ఈ పిల్ల?"

"మతి పోయిందా నీకు?"

"మంచిగున్నది. మంచిగ లేదని కాదు. కాని మన పిల్ల కాదు గద."

"నువ్వు ఏడాదికి ఒక్కపారి అగుపడేదానివి. నీకేం ఎరుక? నేను కన్న."

"ఏడాదికొక్కపారి చూసినా యాదికుంటది అక్కా. దానికి కింది పెదవి ముందుకుండేది, ఎప్పుడు అలిగినట్టు. చెంపలు గిట్ల నున్నగ యాడున్నయి? ఆ ఫోటో కొట్టు పిలగాడు చేసినదాంట్లనన్న మూతి మూతి లెక్క ఉన్నది."

ఆ మాట నాకు చెంప మీద తగిలినట్టు తగిలింది. ఆ కుర్రాడు పెట్టిన కళ్ళు ఎవరివో కావచ్చు, కానీ ఆ మూతి పిల్లదే. పాడుకాకుండా మిగిలిన సగం మొహంలోంచి ఉన్నది ఉన్నట్టు తీసుకున్నాడు. నేను ఆ ఫోటో మళ్ళీ చూడనని భీష్మించుకుని, ఎదురుగా ఉన్న మనిషినే నమ్ముకున్నాను.

"కింది పెదవి ముందుకు లేదే" అంది తల్లి.

"ఉండేదక్కా. నువ్వే గద ఎక్కిరించేదానివి. మూతి గట్ల పెడితే కాకి వచ్చి వాలుతది అని రోజూ అనకపోతివా?"

"అన్న" అంది తల్లి. "అవును. కాకి వాలుతది అన్న."

అని ఆగిపోయింది. తను అన్న మాట ఆవిడకి గుర్తుంది. ఏ గుమ్మం దగ్గర నిలబడి అన్నదో, పిల్ల ఏమని ఎదురు చెప్పిందో అన్నీ గుర్తున్నట్టే పెదాలు కదిలాయి. కళ్ళు మూసుకుంది. మా పనామె ఆవిడ మొహంలోకే చూస్తోంది. వెనక రోడ్డు మీద కంపెనీ బస్సు ఆగి, షిఫ్టు వాళ్ళని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఆవిడ కళ్ళు తెరవలేదు. కనురెప్పల కింద గుడ్లు అటూ ఇటూ వెతుకుతున్నాయి. తర్వాత తన వేలు పైకెత్తి గాలిలో ఒక పెదవి గీసింది. ఆ గీత నాకు తెలుసు. అది నేను కాగితం మీద గీసి చూపించిన రెండిట్లో ఒకటి.

"అమ్మా" అంది కళ్ళు తెరవకుండానే. "నా బిడ్డ అగుపడ్తలేదు."

నేను ఏదో చెప్పబోయాను. పెదవి మారుస్తాను, ఇంకా తడిగానే ఉంది, ఇవాళే మార్చేస్తాను అని.

"పెదవి కాదు. మొత్తానికే. ఇంతకుముందుకు కండ్లు మూస్తే అది వచ్చి నిలబడేది. ఇప్పుడు నువ్వేసిన పిల్ల వస్తంది. పక్కకు జరగమన్నా జరుగుతలేదు. దాని ఎనకాల నా బిడ్డ ఉన్నదో లేదో తెలుస్తలేదు."

మా పనామె గబుక్కున కొంగు ముడి విప్పి ఫోను తీసింది. స్టూడియో కుర్రాడు పంపినది చూపిస్తే మూతి అయినా గుర్తుకొస్తుందని ఆమె ఆశ. తల్లి చూడలేదు. చెల్లెలి చెయ్యి పట్టుకుని ఫోను కిందికి దించేసింది.

"ఇంకొకదాన్ని తేకు" అంది.

తర్వాత నావైపు తిరిగింది. కోపం లేదు ఆ మొహంలో. కోపం ఉంటే బాగుండేది, నేను కోపానికి అలవాటుపడినదాన్ని, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని.

"ఇది నూనె రంగే గద. తీసేస్తే పోతది గదా?"

"పోతుంది."

"తీసెయ్యి."

చాకు తీసుకుని గీకాను. మొహం నిండా అడ్డంగా, పైనుంచి కిందికి. తడి రంగు మడతలు మడతలుగా చాకు మీదికి వచ్చింది. పాత గుడ్డ టర్పెంటైన్‌లో ముంచి రుద్దాను. కళ్ళు ముందు పోయాయి, తర్వాత నోరు, తర్వాత చెంపలు. అడుగున మొదటి రోజు వేసిన తల్లి నుదురు కొంచెం తేలింది, దాన్ని కూడా వదల్లేదు. చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్దాను. చివరికి కాన్వాసు మీద బురద లాంటి మరక తప్ప ఏమీ మిగల్లేదు. ఆవిడ నేల మీంచి లేచి వెళ్ళి అంతసేపూ కుర్చీలో, మొదటి రోజు కూర్చున్నట్టే, కదలకుండా కూర్చుని చూసింది.

"అయిపోయింది" అన్నాను. "ఇప్పుడు చూడు."

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చెల్లెలు వచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఆవిడ మోకాలు పట్టుకుంది. నేను గుడ్డ చేతిలోనే పట్టుకుని నిలబడ్డాను. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను, అంతగా మొక్కేదాన్ని కాను.

"వచ్చిందా అక్కా?" అంది చెల్లెలు.

"లేదు" అందావిడ. "అదే ఉన్నది."